కేసు గెలిస్తే డబ్బు వచ్చేసినట్టేనా?

ప్రశ్న: మేస్టారూ, మాది కాశీబుగ్గ. నేనూ మా ఆయనా చిన్న జీడిపప్పు యూనిట్ నడుపుతున్నాం, పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. హైదరాబాద్‌లో స్వీట్లు తయారుచేసే ఒకాయనకి ఏడాది పాటు నెలకి 20 టిన్నుల చొప్పున 320 గ్రేడ్ గుండు పప్పు (బద్దలు కానిది) పంపేలా అగ్రిమెంటు రాసుకున్నాం. డబ్బు 60 రోజుల్లో ఇవ్వాలని అందులో ఉంది. మొదటి నాలుగు నెలలూ బాగానే ఇచ్చాడు. తర్వాత మూడు నెలల సరుకుకి, నెలకి 1,60,000 చొప్పున మొత్తం 4,80,000 ఆగిపోయింది. గట్టిగా అడిగితే, చివరి నెల సరుకులో తేమ ఉంది, బద్దలు కలిశాయి, నాకు నష్టం వచ్చింది అంటున్నాడు. సరుకు అందిన 70 రోజులకి మొదటిసారి ఈ మాట ఫోన్లో అన్నాడు. మిగతా రెండు నెలల సరుకు మీద ఏ మాటా లేదు, అయినా మొత్తం ఆపేశాడు. పైగా కొత్త సరుకు పంపండి, అన్నీ కలిపి సెటిల్ చేస్తా అంటాడు. తెలిసిన లాయరుగారు కేసు వేసేద్దాం అంటున్నారు. మా మావయ్యగారేమో కోర్టు మెట్లెక్కితే ఉన్నది కూడా పోతుందంటారు. జీడిపిక్కల సీజన్ వచ్చేస్తోంది, చేతిలో డబ్బు లేదు, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అన్నట్టు, వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల్లోనే అని అగ్రిమెంటు చివర్లో ఉంది. మాకు 2021 నుంచి ఉద్యం (చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉంది. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, కాశీబుగ్గ)

జవాబు: అమ్మా, ముందు కొత్త సరుకు సంగతి. ఒక్క టిన్ను కూడా పంపకండి. అన్నీ కలిపి సెటిల్ చేస్తానంటే 4,80,000 బాకీ కాస్తా 6,40,000 అవుతుందని అర్థం. కానీ ఊరికే ఆపేసి కూర్చోకండి, రేపు ఆయనే "అగ్రిమెంటు ప్రకారం సరుకు పంపలేదు, ముందు తప్పింది వాళ్లే" అని తిరగేసే ప్రమాదం ఉంది. పాత బిల్లులు చెల్లించగానే పంపడానికి సిద్ధంగా ఉన్నామని ఒక ఉత్తరం ముక్క ఈరోజే మెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపేయండి.

ఇక కేసు మాట. మీ మావయ్యగారు చెప్పింది సగం నిజం. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత చెప్పి, రావాల్సిన డబ్బు నోరెత్తకుండా వదిలేసిన వాళ్లని విజయనగరంలో ఎంతమందినో చూశాను, ఆ సామెత బాకీ ఎగ్గొట్టేవాళ్లకే ఎక్కువ ఉపయోగపడింది. అలాగని లాయరుగారి మాట వినగానే పరిగెత్తమనీ అనను, ఎందుకంటే నేను పరిగెత్తాను. అప్పట్లో నాకు ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. ఒక వ్యాపారికి రేపర్లు, అట్టపెట్టెలు వేసిచ్చి లక్షా పదివేలు రాక దావా వేశాను. అయిదేళ్లకి డిక్రీ, అంటే డబ్బివ్వాలని కోర్టు ఉత్తర్వు, వచ్చింది, స్వీట్లు కూడా పంచాం. తీరా వసూలుకి ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేద్దామని చూస్తే ఆ షాపు అద్దెది, మూసేశాడు, మెషిన్లు బ్యాంకు తాకట్టులో ఉన్నాయి, ఇల్లు వాళ్లావిడ పేరు మీద ఉంది. చట్టం డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు ఇచ్చింది, నాది బీరువాలో ఆ ఆయుష్షు హాయిగా గడిపేసింది. నేను ఖర్చుపెట్టింది లాయరు ఫీజు ఒక్కటే కాదు, వాయిదా ఉన్న ప్రతి పొద్దునా ప్రెస్ షట్టర్ మూసి ఉండేది.

అందుకే మనం రైటా కాదా అన్నదానికంటే ముందు తేల్చాల్సింది, గెలిస్తే ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నది. దీనికి లాయరు అక్కర్లేదు. ఆయన జీఎస్టీ నంబరు మీ బిల్లు మీదే ఉంటుంది కదా, దాన్ని జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రిజిస్ట్రేషన్ నడుస్తోందా, రిటర్నులు నెలనెలా వేస్తున్నాడా లేదా కనిపిస్తుంది. పలాస బజార్లో ఆయనకి సరుకిచ్చే మిగతావాళ్లని కూడా అడగండి. అందరికీ ఆపేశాడంటే మునుగుతున్న పడవ, అప్పుడు ఎంత తక్కువకైనా సరే త్వరగా తెగ్గొట్టుకోవడమే మేలు. మీ ఒక్కరికే ఆపాడంటే, దగ్గర డబ్బుంది, మీ నోరు మెత్తనని కనిపెట్టాడు. రెండోదైతే పోరాడొచ్చు.

ఇప్పుడు తేమ గొడవ. ఇక్కడ నాకు కాదు, మీకు మీరే నిజం చెప్పుకోండి. ఆ నెల ముసురు పట్టి పప్పు సరిగ్గా ఆరకుండా టిన్నుల్లో పెట్టారా? 320 తక్కువై బద్దలు కలిపారా? వస్తువుల విక్రయ చట్టం 1930 ప్రకారం సరుకు తీసుకుని, తగినంత కాలం గడిచినా వద్దని చెప్పకుండా ఉంచుకున్నా, వాడేసుకున్నా, అంగీకరించినట్టే లెక్క. డెబ్భై రోజుల తర్వాత, ఆ పప్పు కాజూ కట్లీ అయిపోయాక, తిరిగి తీసుకుపొమ్మనడం కుదరదు. కానీ నాసిరకం వల్ల నాకు ఇంత నష్టం, ధరలో తగ్గించండి అని అడిగే హక్కు మాత్రం ఆయనకి అప్పటికీ ఉంటుంది. దావా వేస్తే మొదట వచ్చే ఎదురుదెబ్బ అదే. కాబట్టి లోపం నిజంగా ఉంటే ఆ ఒక్క నెల సరుకు మీద ఎంత తగ్గించగలరో ఇంట్లో కూర్చుని ఒక అంకె అనుకోండి. లోపం లేకపోతే తగ్గించొద్దు. ఏదైనా సరే, గొడవలేని రెండు నెలల 3,20,000ని ఆ తేమ మాటతో కలపనివ్వకండి. మాట్లాడే ప్రతిసారీ, రాసే ప్రతి మెయిల్లోనూ రెండు లెక్కలు విడివిడిగా రాయండి. "3,20,000 మీద మీకు అభ్యంతరం ఉందా?" అని సూటిగా రాసి అడగండి. అభ్యంతరం లేదని జవాబిస్తే అది ఒప్పుకోలు. జవాబే ఇవ్వకపోతే అదీ మనకి మంచిదే.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం హైదరాబాద్ కోర్టు కాదమ్మా, ఆ ఉద్యం నంబరు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎం.ఎస్.ఎం.ఇ.) అభివృద్ధి చట్టం 2006 అని ఒకటుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు అగ్రిమెంటులో ఎన్ని రోజులు రాసుకున్నా 45 రోజులు మించకుండా చెల్లించాలి, కాబట్టి మీ 60 రోజుల గడువు చెల్లదు. నలభై అయిదు దాటిన రోజు నుంచి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6 శాతం ఉందనుకుంటే మీ 4,80,000 మీద ఏడాదికి దాదాపు 94 వేలు. ఇంకో మాట, సరుకు అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజే అంగీకరించినట్టు ఈ చట్టం లెక్కగడుతుంది. ఆయన చెప్పింది 70 రోజులకి, అదీ ఫోన్లో!

ఈ చట్టం కింద ఫిర్యాదు ప్రభుత్వ పోర్టల్‌లో పెడతారు, 2017లో సమాధాన్ పేరుతో మొదలైంది, ఆ ఫిర్యాదు ఇలాంటి బాకీ తగాదాలు వినే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే, అమ్మినవాళ్లు ఉన్న చోటి కౌన్సిలే వింటుంది. అంటే రాత్రంతా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని సికింద్రాబాద్‌లో దిగి, వాయిదా పడిందని తెలుసుకుని, మళ్లీ పలాస టికెట్టు తీసుకునే బాధ ఉండదు. ముందు రాజీకి పిలుస్తారు, కుదరకపోతే ఆర్బిట్రేషన్‌కి, అంటే మధ్యవర్తి తీర్పుకి, పంపుతారు. తీర్పు ఆయనకి వ్యతిరేకంగా వచ్చి కోర్టులో సవాలు చేయాలంటే అందులో 75 శాతం ముందు డిపాజిట్ కట్టాలి, బుకాయింపు బేరగాళ్లు చాలామంది చల్లబడేది అక్కడే. చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉంది, మీరు మాత్రం అంతకంటే ఎక్కువ పడుతుందనుకునే దిగండి, పిక్కల సీజన్‌కి ఈ డబ్బు చేతికొస్తుందని లెక్క వేసుకోకండి. సీజన్‌కి కావాల్సిన డబ్బు గురించి బ్యాంకుతో వేరే మాట్లాడుకోవాలి.

కోర్టుకే వెళ్తే ఏమవుతుందో కూడా చెబుతాను. మీది 3 లక్షలు దాటిన వ్యాపార వివాదం, కాబట్టి 2015 కమర్షియల్ కోర్టుల చట్టం కిందకి వస్తుంది. ఆస్తులు దాటేస్తున్నాడు, వెంటనే అటాచ్ చేయండి అనే లాంటి అత్యవసరం లేకపోతే దావాకి ముందు మీడియేషన్‌కి (మధ్యవర్తి ముందు రాజీ ప్రయత్నానికి) వెళ్లి తీరాలి, అది తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పరిధి గురించి మీరు సంతకం పెట్టిన ఆ చివరి లైను వల్ల హైదరాబాదే వెళ్లాల్సి రావచ్చు. కోర్టు ఫీజు ముందే కట్టాలి. ఇంత శ్రమ 4,80,000 కోసం పడొచ్చా అంటే, కౌన్సిల్ దారి లేకపోయుంటే పడమనేవాణ్ణి, ఉంది కాబట్టి ఇప్పుడే వద్దంటున్నాను. ఇంకొకటి, ఎవరైనా దివాలా కోర్టులో వేస్తామని బెదిరించమంటే వినకండి, కంపెనీల మీద ఆ దారికి కనీస బాకీ కోటి రూపాయలు.

పోర్టల్‌కి ముందు ఒక ఉత్తరం రాయండి. కోపం ఒద్దు, తిట్లొద్దు. బిల్లు నంబర్లు, తేదీలు, 45 రోజులు ఎప్పుడు దాటాయి, ఇవాళ్టికి వడ్డీ ఎంత, 15 రోజుల్లో రాకపోతే కౌన్సిల్‌లో ఫిర్యాదు వేస్తాం, అంతే. కింద ఇంకో రెండు వాక్యాలు కలపండి, అవి ఆయన కోసం కాదు, ఆయన ఆడిటర్ కోసం. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి ఆ గడువులో చెల్లించని బిల్లుని, చెల్లించేదాకా ఖర్చుగా చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకోవడానికి వీల్లేదని 2024 ఏప్రిల్ నుంచి నియమం వచ్చింది. అలాగే బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బివ్వకపోతే దాని మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. మనం పది ఫోన్లు చేసినా కదలనివాణ్ణి మార్చి నెలలో ఆడిటర్ ఒక్క ఫోన్‌తో కదిలిస్తాడు, ఇది నేను చాలాసార్లు చూశాను.

కాగితాలు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టండి: అగ్రిమెంటు, బిల్లులు, ఈ-వే బిల్లులు, ట్రాన్స్‌పోర్టు రసీదులు. "సరుకు అందింది" అని ఆయన మనిషి పెట్టిన వాట్సాప్ మెసేజీ ఉంటే అది బంగారం. స్క్రీన్‌షాట్ తీశాం కదా అని చాట్ చెరిపేయకండి, ఆ ఫోను పిల్లలకి ఇచ్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అసలు ఫోను చేతిలో ఉంటే అది ఇంకా గట్టిగా నిలబడుతుంది.

రాజీకి వచ్చి వాయిదాల్లో ఇస్తానంటే ఒప్పుకోండి, కానీ నోటిమాట మీద కాదు, తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. వడ్డీలో కొంత వదులుకున్నా నేను తప్పనను. అసలు మాత్రం, ఆ తేమ లెక్క పోగా, వదలొద్దు.

ప్రశ్న: అన్నా, విజయనగరంలో నేనూ మా ఫ్రెండూ కలిసి అల్యూమినియం కిటికీలు, పార్టిషన్ల పని చేస్తాం. కంటోన్మెంట్ వైపు ఒక బిల్డర్ దగ్గర చేసిన పనికి 85,000 రావాలి. రాతకోతలేమీ లేవు, అంతా నోటిమాటే. పని పూర్తయి రెండేళ్ల ఏడు నెలలైంది. రెండుసార్లు లాయర్ నోటీసు పంపాం కాబట్టి గడువు భయం లేదని ఫ్రెండ్ అంటున్నాడు. ఇప్పుడు కేసు వేయొచ్చా?

జవాబు: తమ్ముడూ, మీ ఫ్రెండ్ అన్నది తప్పు, చాలామంది ఇక్కడే మునుగుతారు. నోటీసు ఎన్నిసార్లు పంపినా గడువు ఆగదు. చేసిన పనికి డబ్బు రాబట్టుకోవడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది పని అయిన నాటి నుంచి 3 ఏళ్లు, మీకు మిగిలింది అయిదు నెలలు. ఆ గడువు కొత్తగా మొదలవ్వాలంటే, గడువు తీరకముందే అవతలివాడు బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టాలి, లేదా కొంత చెల్లించి ఆ సంగతి తన చేతిరాతతోనో సంతకంతోనో ఒప్పుకోవాలి. ఈ సిరిమాను పండక్కి ఇస్తా, వచ్చే పండక్కి ఇస్తా అన్న మాటలు లెక్కలోకి రావు.

నోటిమాట ఒప్పందం చెల్లుతుంది, దానికి భయపడొద్దు, కాకపోతే రుజువు చేయడం కష్టం. కిటికీల కొలతలు రాసిన కాగితం, సైట్ ఫొటోలు, అల్యూమినియం కొన్న బిల్లులు, ఆయన పంపిన పాత అడ్వాన్సు బ్యాంకు ఎంట్రీ, ఇవన్నీ వెతకండి.

అసలు చిక్కు మీరు అడగనిది. ఇద్దరూ కలిసి చేస్తున్నామన్నారు, ఆ భాగస్వామ్యం రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేశారా? చేయకపోతే 1932 భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫర్మ్ తరఫున ఒప్పందం మీద దావా వేయడానికి కుదరదు. దావా వేసే నాటికే రిజిస్టర్ అయి ఉండాలి, వేశాక చేయించుకుంటే ఆ దావా నిలబడదు. పని చేసేటప్పుడు రిజిస్ట్రేషన్ లేకపోయినా ఫర్వాలేదు, కాబట్టి రేపే ఆ పని మొదలుపెట్టండి, అయిదు నెలల్లో దీనికెంత పోతుందో తెలీదు కదా.

ఈలోగా జిల్లా కోర్టు ప్రాంగణంలో ఉన్న న్యాయసేవాధికార సంస్థకి వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అర్జీ ఇవ్వండి. ఫీజు లేదు, రాజీ కుదిరితే అక్కడ రాసిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. కుదరాలంటే ఆ బిల్డర్ రావాలి, రాజీపడాలి, బలవంతం చేయలేరు. 85,000కి నేనైతే 65,000 చేతికిస్తానంటే తీసుకుని ఇంటికెళ్లిపోతాను. మీ ఇద్దరికీ రోజుకి ఎంత పని పోతుందో లెక్కేసుకుని మీ అంకె మీరు అనుకోండి, కానీ రాజీ మాటలు సాగదీసి నాలుగో నెల కూడా దాటిస్తున్నాడంటే ఇక ఆగకుండా దావా వేసేయండి.

ప్రశ్న: సార్, మాది రాజాం. గోనె సంచులు కొని మిల్లర్లకి సప్లయి చేస్తాను. రాయగడ వ్యాపారి ఒకాయన 2,30,000 ఇవ్వాలి. చెక్కు ఇచ్చాడు కానీ నేను చెప్పేదాకా వేయొద్దన్నాడు, మర్యాదకి ఆగాను. చెక్కు మీద తేదీ వేసి రెండు నెలల పది రోజులైంది. సివిల్ కేసు అయితే ఏళ్లు పడుతుంది, పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు పెడితే వారంలో డబ్బు తెచ్చి ఇస్తాడని అందరూ అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. డబ్బు సమయానికి ఇవ్వకపోవడం వేరు, మోసం వేరు. సరుకు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టాలనే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే చీటింగ్. సివిల్ బాకీలకి క్రిమినల్ రంగు పూయొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు మందలించింది. మీరు కొని అమ్మే వ్యాపారి కాబట్టి పైన కాశీబుగ్గ సోదరికి చెప్పిన 45 రోజుల దారి కూడా మీకు లేదు, వ్యాపారులకి 2021లో ఉద్యం ఇచ్చారు కానీ అది బ్యాంకు రుణాల వరకే.

మీకు ఇంకా మంచి దారి ఆ చెక్కు. ఆయనకి ఒక మెసేజ్ పెట్టి బ్యాంకులో వేసేయండి. తిరిగొస్తే, ఆ సంగతి బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లోగా ఆయనకి నోటీసు పంపాలి, అందాక 15 రోజుల్లో ఇవ్వకపోతే ఆ తర్వాత నెల లోపల చెక్కు బౌన్స్ కేసులకి ఉన్న నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఈ తేదీల్లో ఒక్కరోజు అటూఇటూ అయినా చిక్కే. ఆ కేసు మీ ఖాతా ఉన్న బ్యాంకు బ్రాంచి ఎక్కడుంటే అక్కడి కోర్టులో నడుస్తుంది, రాయగడ తిరగక్కర్లేదు. విచారణ సాగుతుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు కూడా. కానీ చెక్కుకి ఆయుష్షు దాని మీది తేదీ నుంచి మూడు నెలలే, మీ దగ్గర మిగిలింది ఇరవై రోజులు. మర్యాద చాలు, సోమవారం బ్యాంకు తలుపు తీయగానే వేసేయండి.